సర్వర్‌కు రాహుకాలం ఉంటుందా

జ్యోతిషం శాస్త్రం కాదని ఎన్నో వేదికలెక్కి వాదించాను. ఆ వాదన కోసమే పంచాంగం చూడటం నేర్చుకున్నాను. నమ్మకం కుదరలేదు గానీ మోజు మాత్రం పట్టుకుంది.

మియాపూర్‌లో మా పక్క ఫ్లాట్ అమ్మాయి కోకాపేటలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. సాయంత్రాలు మా ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఇద్దరం ఒక హాస్య సీరియల్ చూస్తాం. అందులోని పాత్రల రాశులు ఊహించడం మా ఆట. పిసినారి మామగారిది వృశ్చికమని నేను, కన్య అని ఆమె.

ఒక గురువారం, మామగారు వాడిన టీపొడిని ఎండబెడుతున్నా ఆమె నవ్వలేదు.

"ఏమైందమ్మా?"

"రేపు పొద్దున పదిన్నరకు మా సాఫ్ట్‌వేర్ రిలీజ్ అంకుల్. మొదటిసారి నన్ను లీడ్ చేసిండ్రు. రాహుకాలమని మా మేనేజర్ ఆపమంటున్నడు. ఆపితే క్లయింట్ ఊకోడు, మళ్ల నాకు లీడ్ ఇయ్యరు."

"సర్వర్ ఎక్కడుంది?"

"అమెరికాల."

"అక్కడప్పుడు అర్ధరాత్రి. రాహుకాలం లెక్క పగటికే. మీ మేనేజర్‌కు అదే చెప్పు."

"గని బటన్ నొక్కేది నేను కదా, కోకాపేటల!"

ఎంత చక్కని ప్రశ్న! ఏ పంచాంగంలోనూ దీనికి జవాబు లేదు. "ఆ మాట మాత్రం ఆయనతో అనకు," అన్నాను.

రిలీజ్ అనుకున్న వేళకే జరిగింది. ఇప్పుడా మేనేజర్ ప్రతి రిలీజ్‌కూ ముందు సర్వర్ ఏ ఊళ్లో ఉందో అడిగి, అక్కడి సూర్యోదయం చూస్తున్నాడట. నేను ఒక మూఢనమ్మకాన్ని ఓడించానా, దానికి కొత్త సూత్రం రాసిచ్చానా అన్నది నాకింకా తేలలేదు.