నోరు తెరవని కమిటీ
పార్లమెంటు కమిటీ గదిలో టీ అందించే ముసలామె నడిస్తే చప్పుడుండదు. ఎవరి కప్పులో చక్కెరెంతో ఎన్నడూ మరవదు. ఖైదీలను గడువుకు ముందే వదిలే బిల్లు మీద పెద్దలు కూర్చున్న రోజు ఆమె కావాలనే గోడవార నిలబడింది. కూతుర్ని కొట్టి చంపిన అల్లుడు జైల్లో ఉన్నాడు. వాడి బిడ్డ ఆమె దగ్గర పెరుగుతోంది. “వదిలేముందు బాధితుల ఇంటికి కబురంపాలన్న నిబంధన తీసేద్దామా? ఎవరూ మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే,” అన్నాడు అధ్యక్షుడు. పెద్దలట పెద్దలు! నోళ్లనిండా బిస్కెట్లు కుక్కుకుని, జిడ్డు వేళ్లు ఆ కాగితాలకే తుడుచుకుంటున్నారు. నిబంధన కాస్తా ఎగిరిపోయింది. “ఇంకో ప్లేటు పట్రామ్మా,” అన్నాడొకాయన. “తినండి బాబూ, నోరు ఖాళీ అయితే మాట్లాడాల్సొస్తుంది,” అందామె. చమత్కారమనుకుని అందరూ నవ్వారు. ఆమె వరండాలోకి వెళ్లి మనవరాలికి ఫోన్ చేసింది. “ఇకమీదట తలుపెవరు కొట్టినా తియ్యకే తల్లీ. మీ నాన్నైనా సరే.”