మెట్ల మీదుగా అక్కయ్య

మా పక్కింటి అక్కయ్య గత ఆదివారం ఉదయం చర్చికని చీర కట్టుకుని, కుర్చీలో కూర్చునే కన్నుమూసింది. పనిమనిషి పరుగున వచ్చి నా తలుపు కొట్టింది. నేను వెళ్ళేసరికి చేతులు ఇంకా వెచ్చగానే ఉన్నాయి.

రెజిమెంటల్ బజార్‌లో ఉన్నవారికి ఆ చేతులు గుర్తుండాలి. మీ పెద్దల్లో చాలామందికి చివరి స్నానం చేయించినవి అవే. ఆమె రిటైరైన నర్సు. మా సందులో ఏ ఇంట్లో ప్రాణం పోయినా, ఏ మతం వారైనా, మొదటి కబురు ఆమెకే. వచ్చి, కొంగు బిగించి, మగవాళ్ళను బయటికి పంపేది. స్నానం చేయించి, దవడకు గుడ్డ కట్టి, తల దువ్వేది. అంతవరకు ఎవరినీ గొల్లుమననిచ్చేది కాదు.

"ముందుగాల తల దువ్వుండ్రి. ఏడుసుడు యాడికి పోతది?" అనేది.

పని ముగించి ఇంటికెళ్ళి స్నానం చేసి, మా అరుగు మీద కూర్చునేది. "టీచరమ్మా, చాయ్‌ల చక్కెర జెర ఎక్కువెయ్యి." ఆ పూట అంతకుమించి మాట్లాడేది కాదు. మామూలు రోజుల్లో మాత్రం నన్ను ఆటపట్టించేది. "నీకు సుత నేనే దువ్వుత తియ్. నీ జుట్టెంత, పిలక!" ఆ మాట ఒక్కటే ఆమె నిలబెట్టుకోలేదు.

భర్త పోయినప్పుడు ఆయన్ను పడుకోబెట్టిన పెట్టె ముందుగది నుంచి, వెడల్పాటి గుమ్మం దాటి, ఏమాత్రం ఒరగకుండా సందులోకి వచ్చింది. "మనిషి ఇంట్లకెల్లి పండుకునే పోవాలె. నన్ను సుత గిట్లనే తీస్కపోవాలె," అని ఆ రోజే నాతో చెప్పింది.

తరవాత మా వరస పెంకుటిళ్ళన్నీ కూల్చి మేడ కట్టేందుకు డెవలప్‌మెంట్‌కి ఇచ్చాం. బిల్డర్ మనిషి వచ్చి బల్ల మీద ప్లాను పరిచాడు. అందరూ టైల్సు గురించీ పార్కింగు గురించీ అడుగుతున్నారు.

"లిఫ్టుల పెట్టె పడ్తదా బిడ్డా?" అంది అక్కయ్య.

"ఏం పెట్టె ఆంటీ, ఫ్రిజ్జా?"

"నన్ను పండవెట్టే పెట్టె."

అందరూ నవ్వారు. "మేం బతికెటోళ్ళ కోసం కడ్తున్నం ఆంటీ," అన్నాడతను.

"బతికెటోళ్ళే గద సచ్చేది!"

నవ్వులు ఆపి అడిగినదానికి జవాబు చెప్పమన్నాను. "చూస్తాం మేడమ్," అన్నాడు. చూడలేదు. లిఫ్టులో నలుగురు నిలబడితే భుజాలు రాసుకుంటాయి. మెట్ల మలుపుల్లో బీరువా తిరగలేదు, తాళ్ళు కట్టి బయటి నుంచి పైకి లాగారు. కింద ఇల్లు ఇమ్మంటే కిందంతా సెల్లారే అన్నారు. ఆమెకూ నాకూ నాలుగో అంతస్తులో పక్కపక్క ఫ్లాట్లు వచ్చాయి.

ఆ మేడలోనూ మనుషులు పోయారు. ఆసుపత్రి నుంచి సెల్లార్‌కి, సెల్లార్ నుంచి అటే. శవాన్ని ఫ్లాటులోకి తేకూడదని అసోసియేషన్ నిబంధన. "నన్నెవ్వరు పిలుస్తలేరు టీచరమ్మా. సచ్చుడు బంద్ అయిందా ఏందీ?" అంది ఒకరోజు బాల్కనీలోంచి కిందికి చూస్తూ. నాకు నవ్వు రాలేదు.

ఆదివారం నేను ముందు ఆమె తల దువ్వాను. ఇంతలో అసోసియేషన్ సెక్రటరీ గుమ్మంలో నిలబడి, ఎంతో మర్యాదగా, "కూర్చునే ఉన్నారు కదా మేడమ్. ఆ కుర్చీతోనే లిఫ్టులో దించేస్తే ఈజీ," అన్నాడు.

"పడుకోబెట్టే తీసుకెళతాం. మీరు దారి ఇవ్వండి," అన్నాను.

చర్చి కుర్రవాళ్ళు ఆమెను జంపఖానాలో పడుకోబెట్టి, నాలుగువైపులా పట్టుకుని మెట్లు దిగారు. మలుపు వచ్చినప్పుడల్లా కింది మెట్ల మీదున్నవాళ్ళు చేతులు తలలపైకి ఎత్తేవారు. నేను ముందు నడుస్తూ, "కాళ్ళవైపు ఇంకా ఎత్తండి, ఒరగనివ్వకండి," అంటూనే ఉన్నాను. ఒరగలేదు. ప్రతి అంతస్తులోనూ మేం చేరేసరికి తలుపులు మూసుకుపోయాయి. ఒక తలుపు వెనక టీవీ గొంతు తగ్గింది.

సెల్లార్‌లో రెండు కార్ల నడుమ, స్టూళ్ళ మీద పెట్టె. బంధువులు వచ్చేదాకా చుట్టూ ఐసు దిమ్మలు. మేం పాట పాడుతుండగా ఒకాయన కారు తాళాలు పట్టుకుని వచ్చాడు. "ఏమనుకోకండి. తిరుమలగిరిలో పెళ్ళి ఉంది," అన్నాడు. గోడకు జరిగాం. ఆ కారు తన రివర్స్ సంగీతం మోగిస్తూ వెనక్కి వచ్చింది. మేం పాట ఆపలేదు.

సాయంత్రం ఆమెను సమాధుల తోటలో దింపి తిరిగొచ్చేసరికి స్టూళ్ళు తీసేశారు. ఐసు కరిగిన నీళ్ళు నేలంతా పారి ఉన్నాయి. పెళ్ళికి వెళ్ళిన కారు తిరిగి వచ్చి, ఆ తడి మీదుగానే వెళ్ళి తన చోట ఆగింది. గచ్చు మీద చక్రాల తడి గీతలు రెండు. అవి ఆరేదాకా అక్కడే నిలబడి, తరవాత మెట్లెక్కాను.