దొర కిరాయికి దిగిన రెండర్రలు

నేను కాపురానికి వచ్చేనాటికి భువనగిరిల మా అత్తకు రెండర్రల కిరాయే ఆధారం. మామ పోయిండు. మా ఆయనది రైలు పని, ఇంట్ల ఉండేది తక్కువ. ఇల్లు గుట్ట కిందనే. ఎండకాలం గుట్ట పగలంత మింగిన ఎండను పొద్దుగూకినంక మా మీద కక్కేది. అయినా ఆ అర్రలు ఎన్నడు ఖాళీగ ఉండలె. ఇల్లు చూసి ఎవలు రారు, ఇంటామెను చూసి వస్తరని అత్త గొప్పగ చెప్పుకునేది.

ఊర్లల్ల దొరల మీద సంగపోళ్లు లేచిన కాలమది. గడులల్ల ఉండే దొరలు మెల్లగ పట్నాలకు జారుకుంటున్నరు. ఒకనాడు మా వాకిట్ల గూడుబండి ఆగింది. తిరుమలగిరి దిక్కు నుంచి ఒక దొర, దొరసాని దిగిన్రు. దొర ఇల్లంత కలెదిరిగి చూసిండు.

"బాగనే ఉన్నది. మరి మీరు యాడికి పోతరు?" అన్నడు.

అత్తకు జరసేపు సమజ్ కాలె. అయినంక నెమ్మదిగ చెప్పింది.

"మేం యాడికి పోం దొరా. మీరు గా రెండర్రలల్ల ఉంటరు. బాయి అందరిది, ఎవల నీళ్లు వాళ్లే తోడుకోవాలె."

దొర తన చేతులు తానే చూసుకున్నడు. వెనుకకు పోయే తొవ్వ లేదు గనుక సరేనన్నడు.

అసలు కష్టం అత్తకు మొదలైంది. గడి ముందట చెప్పులు చేతబట్టుకోని నడిచిన మనిషి ఆమె. గసొంటి దొరను కిరాయి అడగాలంటే కూసోని అడగాల్నా, నిలబడి అడగాల్నా? ఇద్దరం మస్తు ఆలోచన చేసినం. ఆఖరికి దొరసానినే అడిగింది. ఆమె లోపలికి పోయి తెచ్చిచ్చింది. అప్పటిసంది కిరాయి ఆమె చేతుల మీదనే వచ్చేది.

దొర పొద్దున లేస్తనే మంచం మీదనుంచి "ఎవర్రా ఆడ" అని కేకేసేటోడు. మా కోడిపుంజు తప్ప ఎవలు పలుకకపోయేది. కొన్నాళ్లకు తనే లేసి మొకం కడుక్కునుడు అలవాటైంది.

వానకాలం వాళ్ల అర్ర కురిసింది. బాగుచేయించమని దొర హుకుం చేసిండు. పెంకలు సదిరేటోడు దొరకలె. అత్త కొంగు నడుముకు చెక్కి నిచ్చెన తెచ్చి గోడకు ఆనిచ్చింది.

"ఇల్లు నాది, కురిసేది మీ మీద. నేను ఎక్కుత, నిచ్చెన మీరు పట్టుకోవాలె" అన్నది.

దొర పట్టుకున్నడు. వాడకట్టంత వచ్చి చూసింది. దొరసాని నోటికి కొంగు అడ్డం పెట్టుకోని నవ్వింది. ఆమె నవ్వు నేను వినుడు అదే మొదలు. మరునాడు ఆమె బొక్కెన పట్టుకోని బాయి కాడికి వచ్చింది. చేతులు బొబ్బలెక్కితే కొత్త గాజులు చూపినట్టు మా అందరికి చూపింది. ఇగ బాయికాడి ముచ్చట్లల్ల ఆమెదే పెద్ద గొంతు.

యూనియన్ మిలిట్రి వచ్చింది, నిజాం రాజ్యం పోయింది. దొర కాంగ్రెసోళ్ల తెల్లటోపి కొనుక్కోని, గడికి వాపసు పోనీకి బండి కట్టించిండు. దొరసాని కదలలె.

"గడిల ఎన్నర్రలున్నా ఒక్క కిటికి బజారు దిక్కు లేదు. నేను రాను" అన్నది.

దొర అత్త కాడికి వచ్చి, ఇల్లు ఖాళీ చెయ్యమని దొరసానికి చెప్పుమన్నడు. అత్త మస్తు పరేషానైంది. మొగడు పెండ్లాల నడుమ ఇల్లుగలామె మాట్లాడొచ్చునా? వాడకట్టోళ్లు తలా ఓ మాట చెప్పిన్రు. ఆఖరికి అత్త, కిరాయి ఇచ్చే మనిషి ఉంటనంటాంది, ఇయ్యని మనిషి పొమ్మంటాండు, నేను ఎవల మాట వినాలె అని అడిగింది. దొర ఒక్కడే బండెక్కిండు.

చలికాలం పోకముందే ఆయన మళ్ల వచ్చిండు. గడిల మిలిట్రోళ్లు దిగిన్రట. ఆయనకు ఒక్క అర్ర ఇడిచిన్రట, అది గూడ గొడ్ల కొట్టం పక్కకు. ఈడ రెండున్నయి గదా అని ఆయనే అన్నడు. దొరసాని తలుపు తీసింది.

తర్వాత కొంత భూమి అమ్ముకోని మా వెనుక గల్లిలనే ఇల్లు కట్టుకున్నరు. ఒక అర్ర కిరాయికియ్యాలని దొరసాని పట్టుబట్టింది. అడగనీకి ఎవలో వస్తున్నరంటె, ధైర్యానికి నన్ను గూడ రమ్మన్నది. వచ్చినాయన బడిపంతులు. అరుగు మీద దొరను చూసి చెప్పులిడిచి చేతులు కట్టుకోని నిలబడ్డడు. దొరసాని ఆయనను చెప్పులేసుకొమ్మన్నది. ముందుగాల కిరాయికిచ్చే అర్ర కిటికి తెరిచి, బజారు ఎట్ల అవుపడుతదో చూపించింది.