గౌరత్త ఇంటి గోంగూర

పక్కింట్లో గోంగూర మగ్గుతోంది. కిటికీ మూసినంత మాత్రాన ఆగే వాసన కాదది. పులుపు ముందొచ్చి, దాని వెనకే వేగిన ఎండుమిరపకాయల ఘాటు వచ్చి మా వంటింట్లో తిష్ట వేసింది. పక్కింటివాళ్ళు బెంగాలీలు. వాళ్ళ కోడలు ఫోనులో వీడియో చూసి నేర్చుకుందట. మలంచా రోడ్డు మీద తోపుడుబండి దగ్గర కట్టలు కట్టలు కొని తెచ్చి, పచ్చడి చేసి, "దీదీ, ఠిక్ హొయేఛే?" అంటూ, సరిగ్గా కుదిరిందో లేదో చెప్పమని నాకు గరిటెతో రుచి చూపిస్తుంది. బాగుందమ్మా అంటాను. నిజంగా బాగానే ఉంటుంది. అయినా నాకు ఒళ్ళు మండుతుంది. ఇంత తేలిగ్గా దొరికే ఆకు కోసమా, పదేళ్ళ వయసులో నేను ఒక మనిషి పరువు తీసింది!

మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. ఎర్ర ఇటుకల రైల్వే క్వార్టర్సు వరసలో మాది చివరి నుంచి రెండో ఇల్లు. ఆ వరసలో అందరూ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతల నాడు పనికి వచ్చినవాళ్ళో, మా అమ్మలా పెళ్ళయి వచ్చినవాళ్ళో. ఎన్నేళ్ళు గడిచినా ఆ ఆడవాళ్ళకి ఖరగ్‌పూర్ దేశం కాని దేశమే. పొద్దున్న సైరన్ మోగి, మగవాళ్ళు సైకిళ్ళెక్కి వెళ్ళగానే గుమ్మాల్లో కూర్చుని మొదలుపెట్టేవాళ్ళు: నువ్వులనూనె ఏ దుకాణంలో కనబడింది, ఎవరింటికి ఊరినించి మనిషి వస్తున్నాడు, వాడి సంచిలో చోడిపిండి ఉంటుందా, నల్లబెల్లం ఉంటుందా, గుమ్మడి వడియాలుంటాయా అని. ఎవరైనా పాసు మీద ఊరెళ్ళి తిరిగొస్తున్నారంటే స్టేషనులో మనిషి కంటే సంచులకే ఎక్కువ మర్యాద. అన్నీ వచ్చేవి. రానిదల్లా పచ్చి ఆకు. గోంగూర తడిగుడ్డలో చుట్టి ఎంత భద్రంగా తెచ్చినా, రాత్రంతా రైల్లో మూటల కింద నలిగి, ఉడికి, దిగేసరికి నల్లటి ముద్దయిపోయేది.

వానాకాలం వచ్చిందంటే చాలు, అమ్మకి గోంగూర మీదికి మనసు పోయేది. మాకు, అంటే పిల్లలకి, అలాంటి బెంగలేమీ లేవు. వాన వెలిశాక ఎర్రమట్టిలో గీతలు గీసి తొక్కుడుబిళ్ళ ఆడి, అరికాళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చి, ముడీలో, అంటే మరమరాల్లో, ఆవనూనె చుక్క వేసుకుని, ఉల్లిపాయ కలుపుకుని, పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ తింటుంటే అదే స్వర్గం. ఆ ఆవనూనె వాసనకే అమ్మ ముక్కు మూసుకునేది. ఒకసారి బజారులో కూరలమ్మే ఆవిడకి అమ్మ గాల్లో ఆకు ఆకారం గీసి, పులుపు తిన్నట్టు మొహం పెట్టి చూపించింది. ఆవిడ "బుఝేఛి, బుఝేఛి" అని అర్థమైనట్టు తల ఊపి, పాట్ శాక్ చేతిలో పెట్టింది. అది జనపనార మొక్క ఆకు. ఉడికిస్తే గరిటెతో పాటు తీగలు తీగలుగా సాగింది. మేమంతా నవ్వుతుంటే అమ్మ మాత్రం నవ్వలేదు. ఆ తర్వాత బచ్చలాకులో చింతపండు దట్టంగా పిసికి, వెల్లుల్లి తాలింపు పెట్టి, "గోంగూరే అనుకుని తినండర్రా" అని వడ్డించేది. మేం అనుకుంటూ తినేవాళ్ళం.

అలాంటి కరువులో, చివరింటి గౌరత్త దగ్గర మాత్రం వానాకాలమంతా గోంగూర ఉండేది! నిఖార్సైన గోంగూర. గౌరత్త నల్లగా, పొడుగ్గా, నవ్వితే చిగుళ్ళు కనబడే మనిషి. ఆవిడ భర్త కూడా మా నాన్నతో పాటే ఫిట్టరు. చుట్టరికమేమీ లేకపోయినా నాకు అత్త, అమ్మకి వదిన. వారానికోసారి, శుక్రవారం పొద్దున్న, నువ్వులపొడి వేసి నూరిన పచ్చడి గిన్నెల్లో పెట్టి అయిదారు ఇళ్ళకి పంచేది. మా ఇంటి గిన్నె మిగతావాటికంటే పెద్దది. ఆకు మాత్రం ఎవరికీ ఇవ్వదు, ఎక్కడిదో చెప్పదు. ఎవరెంత గుచ్చి అడిగినా, "దేవుడిచ్చినాడు, తినండి" అనేది.

ఆ గిన్నె వచ్చిన రోజు మా ఇల్లు మారిపోయేది. నాన్న మారు అన్నం పెట్టించుకునేవాడు. అమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు నమలకుండా ఉండిపోయేది. తర్వాత, "గౌరొదిన సేతిలో ఏటున్నాదో గానీ, మాయమ్మ ఒంటింట్లో కూకున్నట్టున్నాది" అనేది. నేను క్లాసులో ఫస్టు వచ్చానని చెప్పినప్పుడు కూడా అమ్మ మొహంలో ఆ వెలుగు చూడలేదు. ఎలా చూస్తాను? ఇంటి పని చేసేది నేను, తమ్ముణ్ణి ఎత్తుకునేది నేను, అమ్మ కాళ్ళు పట్టేది నేను. మెచ్చుకోలు మాత్రం చివరింటికి! నాకు కుళ్ళు. ఇప్పటి మాటల్లో అసూయ, ఈర్ష్య అని పెద్ద పేర్లు పెట్టుకోవచ్చు గానీ, అప్పుడది కడుపులో రగిలే పచ్చి కుళ్ళు. ఆ ఆకు ఎక్కడిదో కనిపెట్టి, అమ్మ ఒళ్ళో పోసి, ఆ వెలుగు నా వైపు తిప్పుకోవాలని పట్టుబట్టాను.

గౌరత్త కూతురు రత్నం నా ఈడుదే. దానికి గచ్చకాయలంటే పిచ్చి. నా దగ్గరున్న నున్నటి అయిదింటినీ దాని చేతిలో పెట్టేసరికి నోరు విప్పింది. "మాయమ్మ లచ్చివారం లచ్చివారం సాలువా ఎల్తాది. అక్కడ గోగుచేలున్నాయట. ఎవులికీ సెప్పకు, ఒట్టెయ్యి" అంది. తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాను. ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. గోగుచేను అనగానే అమ్మ నోరెళ్ళబెట్టింది. తన ఊళ్ళో గోగు వేసేదే నార కోసం. పైన కోసుకున్నవాళ్ళకి కోసుకున్నంత గోంగూర. ఆ పంట ఈ దేశంలో కూడా ఉంటుందని ఇన్నేళ్ళలో తట్టలేదే అని నెత్తి కొట్టుకుంది. లచ్చివారం, అంటే గురువారం, తమ్ముణ్ణి పక్కింట్లో దింపి, నా చేతికి సంచి ఇచ్చి, నన్ను తీసుకుని ఊరి బయటి సాలువాకి బస్సెక్కింది.

పోలీసు క్యాంపు దాటి, బురదలో చెప్పులు చేత్తో పట్టుకుని గట్ల వెంట నడిచాం. చినుకులు పడుతున్నాయి. ఎర్ర కాడలు, పంజా ఆకులు, అమ్మ నడుమెత్తు పెరిగిన చేను కనబడగానే అమ్మ పరిగెత్తింది. ఒక ఆకు తుంపి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, "ఓలమ్మో!" అంది. సరిగ్గా అప్పుడే పక్క వరిమడిలో, మోకాలి లోతు నీళ్ళలో వంగి ఉన్న ఆడవాళ్ళు కనబడ్డారు. నలుగురు ఆ ఊరివాళ్ళు. అయిదో మనిషి చీర పైకి దోపి, నెత్తిన గోనె కప్పుకుని, నాట్లు వేస్తోంది. రైతు భార్య గోంగూర కుక్కిన సంచి గట్టు మీద దింపి కేక వేస్తే, "హా దీదీ, జాచ్చి" అని, వస్తున్నానన్నట్టు తల ఎత్తింది. గౌరత్త.

అప్పుడర్థమైంది మాకు. అడిగితే ఊరికే ఇచ్చే ఆకు కాదది. పూటంతా వంగి కూలి చేస్తే సంచెడు ఆకు. రైల్వే ఫిట్టరు పెళ్ళాం పొలంలో కూలికి వంగిందని తెలిస్తే వర్క్‌షాపులో ఆవిడ భర్త తల ఎత్తుకోగలడా? అందుకే ఎవరికీ చెప్పలేదు. అమ్మ చటుక్కున నా నోరు మూసి, చేను చాటుకి లాగింది. నోట్లో నమిలిన ఆ ఒక్క ఆకు తప్ప ఇంకేమీ కోయకుండా, ఖాళీ సంచితో వెనక్కి తీసుకొచ్చేసింది.

బస్సులో అమ్మ ఏడ్చింది. కొంగుతో తుడుచుకుంటున్నా ఆగలేదు. "మనకోసం నడుం ఇరగ్గొట్టుకుంటంది సూడే! నా తోడబుట్టింది గూడా ఇలగ సెయ్యదు. నీ నోట్లోంచి మాట బయటికొచ్చిందా, సంపేస్తాను" అంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ పళ్ళు కొరుక్కున్నాను. దారి కనిపెట్టింది నేను, గచ్చకాయలు పోగొట్టుకుంది నేను, తడిసింది నేను, చివరికి ఏడుపు కూడా గౌరత్త కోసమే! ఆవిణ్ణి దించుదామని వెళ్తే, ఆవిడ దేవతై కూర్చుంది.

మర్నాడు శుక్రవారం. గిన్నె వచ్చింది. అమ్మ గౌరత్త రెండు చేతులూ పట్టుకుని, నీళ్ళలో నాని ముడతలు పడిన ఆ వేళ్ళని నిమిరింది. ఎందుకో చెప్పలేదు. నేను చూశాను. చూసి, బిందె పట్టుకుని తిన్నగా కొళాయి దగ్గరికి వెళ్ళాను. అక్కడ నలుగురైదుగురు ఆడవాళ్ళున్నారు. ఎవరూ అడగలేదు. "గౌరత్త సాలువాలో కూలికెల్తాది. నేను సూసినాను" అన్నాను. బిందె నిండేలోగా వరసంతా పాకింది. సాయంత్రం సైరన్ మోగిన కాసేపటికే చివరింట్లోంచి మగ గొంతు అరుపులు వినబడ్డాయి.

ఆ తర్వాత గిన్నె రాలేదు. ఏ ఇంటికీ రాలేదు. ఏడాది తిరగకుండానే వాళ్ళు క్వార్టరు వదిలి సుభాష్‌పల్లిలో అద్దెకి వెళ్ళిపోయారు. రత్నం నాతో మాట్లాడడం మానేసింది. అమ్మ నన్ను ఒక్క మాటైనా అనలేదు. ఎవరు చెప్పారో అమ్మకి తెలియదని, నా తెలివే నన్ను కాపాడిందని ఇన్నేళ్ళూ అనుకుంటూనే వచ్చాను.

ఇప్పుడు ఆ సాలువా దారిలో గోగుచేలు ఎక్కడున్నాయో పోల్చుకోలేను. సైరన్ కోసం చెవులు పెట్టుకునే ఆడవాళ్ళు లేరు, సంచులకి మర్యాద చేసే స్టేషను లేదు. ఏది కావాలన్నా ఫోనులో నొక్కితే గుమ్మంలోకి వస్తుంది. అమ్మ నా దగ్గరే ఉంటోంది. పక్కింటి కోడలు మొన్న తెచ్చిన పచ్చడితో ఇందాక ముద్ద కలిపి అమ్మ నోటికి అందించాను. తిని, ఏ ముందుమాటా లేకుండా అంది:

"కొళాయికాడ నువ్వే సెప్పినావని నాకు ఆ రోజే తెలిసిపోనాది. ఆ రేతిరి నిద్దట్లో ఉన్న నీ మీదికి సీపురట్టుకొస్తంటే గౌరొదిన గుమ్మంలోకొచ్చి సెయ్యట్టుకుంది. మొగుడు కొట్టిన బుగ్గ వాసిపోయున్నాది. 'సిన్న గుంట, నీ మీద పేనంతో సేసింది. ఏటీ అనకు' అనేసి ఎల్లిపోనాది. ఆ మాట మీదే నిన్నొగ్గేసినాను."

కలుపుతున్న ముద్దని పళ్ళెంలోనే వదిలేశాను. అమ్మ మీద నాకున్న ప్రాణం అమ్మకి కనబడలేదు. గౌరత్తకి కనబడింది, అదీ వాచిన బుగ్గతో. ఆవిడ పోయి చాలా కాలమైంది. క్షమించమని అడగడానికి మనిషి లేదు. అమ్మ ఇంకా ఆవిడ మంచితనమే చెప్పుకుపోతోంది, మొహంలో అదే వెలుగు. సిగ్గుతో చచ్చిపోవాలి నేను. సిగ్గుపడ్డాను కూడా. కానీ మీతో అబద్ధమెందుకు, ముందొచ్చింది కుళ్ళే.