నిచ్చెన పట్టిన చెయ్యి

ఇట్ల దగ్గరికి జరుగుండ్రి బిడ్డా, ఈ చాప మీద కూసోండ్రి. గోడకు ఆనకుండ్రి, సున్నం అంటుతది. ఆ గోడ ముచ్చటే చెప్త, ఇనుండ్రి.

మా ఇంటాయన బోధన్ దిక్కు సర్కారు క్వార్టర్లల్ల సున్నమేసేటోడు. ఆయన నిచ్చెన మీద, నేను కింద పట్టుకోని. నా బతుకంత గదే పని.

"గట్టిగ పట్టవే, నేను పడితె నీ కూర ఎవలు తింటరు?" అనేటోడు మీదికెల్లి.

"పడకముందు ఒక్కపారన్న బాగుందన్నవా?" అంటుంటి.

మా దిక్కు సున్నంల చెరుకు మడ్డి కలుపుడు అలవాటు. షుగరు ఫ్యాక్టరీల చక్కెర తీసినంక మిగులుతదే, ఆ నల్లటి పాకం. కలిపితె సున్నం గోడను ఇడువది, చేతికి అంటుకోదు. మా మామ గట్లనే కలిపిండు. వానలు పడంగనే ఆ తీపికి బూజు పట్టేది. గోడంత నల్ల మచ్చలు, ఇంట్ల పిల్లలకు దగ్గు. మేము మల్ల మడ్డి కలిపి మీదికెల్లి పూసేటోళ్లం.

ఒక ఏడు సర్కారు హుకుం వచ్చింది. బూజు గోడను ముందుగాల గీకి ఎండనియ్యాలె, మడ్డి కలపొద్దు. మంచిదే. కాని ఆ పనికి లైసెన్సు ఉండాలెనట, లైసెన్సు పది సదివినోళ్లకేనట. మా ఆయన బడి గడప తొక్కలె.

సున్నమేసేటోళ్లంత సంఘం కట్టిండ్రు. మోస్రాకెల్లి, జక్రాన్‌పల్లికెల్లి వచ్చి కలిసిండ్రు, హైదరాబాదు తిరిగిండ్రు. ఆయన పోయినప్పుడల్ల ఇంట్ల నేనూ, గోడకానిచ్చిన నిచ్చెన.

"సదువు కాదు సారూ, పని సూడుండ్రి" అని అడగంగ అడగంగ సర్కారోళ్లు ఒప్పుకున్నరు. ఎవలకు వాళ్లు ఒక గోడ చేసి సూపెట్టాలె. వానకాలం ఎల్లినంక బూజు లేకుంటె లైసెన్సు.

ఆయన మా ఎనుక అర్ర గోడనే పట్టిండు. మూతికి తువ్వాల కట్టుకొమ్మంటె ఇనలె, దగ్గుకుంటనే గీకిండు. ఎండినంక నేను కలిపిచ్చిన ఉత్త సున్నమేసి, "ఉప్పు లేని కూర లెక్కుందే" అన్నడు.

"గదీ తింటవుగద" అన్న.

ఎన్నేండ్ల సంది బూజు, సున్నం దుమ్ము పీల్చిన ఊపిరి బాధ ఆయనది. వానలు ఎల్లకముందే పోయిండు.

వాన పడ్డప్పుడల్ల ఆ గోడ మీద చెయ్యి పెట్టి సూస్తుంటి. ఒక్క మచ్చ వచ్చినా ఆయన ఓడిపోయినట్టే. మాట్లాడేటందుకు గూడ నాకు ఆ గోడనే ఉండె.

వానకాలం ఎల్లినంక లైసెన్సిచ్చే సారొచ్చి సూసిండు. తెల్లగున్నది. "ఎవలు చేసిండ్రు?" అన్నడు. సంఘం పెద్దమనిషి సంగతి చెప్పి, "సున్నం కలిపింది ఈమెనే సారూ, ఈమెకియ్యుండ్రి" అన్నడు.

"చేస్తవా అవ్వా?"

తల ఊపిన.

లైసెన్సొచ్చినంక మొదటి క్వార్టర్ల నిచ్చెనేసి, రెండు మెట్లెక్కి ఆగిపోయిన. ఆ ఇంటామె సూసి, "నేను పట్టుకుంట, ఎక్కవ్వా" అని వచ్చింది. పైకెక్కినంక నాకు తెల్వకుంటనే నా నోట్లకెల్లి వచ్చింది, "గట్టిగ పట్టవే" అని.

పాపం, ఆమె గట్టిగనే పట్టుకున్నది. జవాబు మాత్రం రాలె.

మీ ఇంట్ల గోడలు పొడిగుండాలె బిడ్డా. నిచ్చెన ఎక్కినోళ్లకు కింద పట్టేటోళ్లుండాలె, పట్టినోళ్లతోని పైకెల్లి కొట్లాడేటోళ్లుండాలె. సల్లగుండుండ్రి.