బయటికి పోయే నీళ్లు

ఈ రోజు కంబదూరు దగ్గర ఒక ఫ్యాక్టరీకి వెళ్లాను. మిషన్లలో తిరిగే వేడి ఆయిల్‌ను బోరు నీళ్లతో చల్లార్చే హీట్ ఎక్స్‌చేంజర్‌లో ట్యూబులకు చిల్లులు పడ్డాయి. దాని బదులు ఏది సరిపోతుందో ఎంచి చెప్పడం నా పని.

"ఆయిల్ నీళ్లలో కలుస్తోంది. కొత్తది వచ్చేదాకా మిషన్ ఆపండి" అన్నాను.

"ఆపేకి కాదు సార్. ఆ నీళ్లు బయటికే కదా పోయేది" అంటూ మేనేజర్ నాకు టీ ఇప్పించి, తనూ తాగసాగాడు. టీ ఏదో వాసన వేసింది. కిరోసిన్ స్టవ్వేమో అనుకున్నాను.

ఆ 'బయట' ఎలా ఉందో చూద్దామని గోడ వెనక్కి వెళ్లాను. ఆ నీళ్లు వదిలే పైపు కింది తొట్టిలో గొర్రెలు నీళ్లు తాగుతున్నాయి. ఒకావిడ నూనె తెట్టును చేత్తో పక్కకు తోసి బిందె ముంచుతోంది.

"అమ్మా, తాగొద్దు! అందులో ఆయిల్ కలిసింది!"

"తెలుసులేప్పా. ఊర్లో బోరు ఎండిపోయినాది, ఇంక యాడికి పోవాల? మీ ఆఫీసులో టీ పెట్టే అన్న గూడా దినామూ ఈడనే నింపుకోని పోతాడు."

వెళ్లి మేనేజర్‌కి అదే మాట చెప్పాను. గ్లాసు కింద పెట్టి, తనే పరుగెత్తి మిషన్ ఆపాడు.

మీ 'బయట' ఎక్కడుందో ఎప్పుడైనా వెళ్లి చూశారా?