వల ముడి

చిట్టియ్య వేసిన కుట్టును తాలూకాలో ఎవరైనా ఆనవాలు పట్టేవారు. మూడు చుట్ల ముడి, బియ్యపు గింజంత వదిలి కత్తిరించిన దారపు కొస. ఆసుపత్రిలో నేల తుడవడానికి చేరి, మేకతోలు ముక్కల మీద రెండేళ్లు సాధన చేసి, గాయాలకు కట్లూ కుట్లూ వేసే డ్రెస్సరు అయిన మనిషి. "కూరకి తెమ్మంటే తోలు తెస్తారేంటండీ" అని భార్య జ్ఞానమ్మ ఆ రోజుల్లో గొణిగేది. హెడ్డు కానిస్టేబులు పల్లంరాజు నుదుటి మీద గాయం కుట్టిందీ చిట్టియ్యే. ఆ మచ్చను హెడ్డు అందరికీ చూపించుకునేవాడు.

1890 దాటిన ఒక వేసవిలో, మొగల్తూరు దిగువన ఉన్న సముద్రపు పల్లెలో, చేపలు ఎండబెట్టుకోవడానికి ఆడవాళ్లు గీరిపెట్టిన ఉప్పును, పన్ను కట్టని ఉప్పని, సర్కారు బంట్రోతులు బురదలో తొక్కేశారు. పల్లె అడ్డం తిరిగింది. పోలీసులు తుపాకులు కాల్చారు. ఆ సాయంత్రమే ఆసుపత్రికి తాకీదు వచ్చింది: గుండు దెబ్బతో ఎవరొచ్చినా ముందు ఠాణాకి కబురు, తరవాతే కట్టు.

మర్నాడు గాయాలతో ఒక్కరూ రాలేదు. బల్లల మీద జ్వరాలవాళ్లే. చిట్టియ్య కడిగిన పట్టకార్లే మళ్లీ కడిగాడు. గేటు చప్పుడైతే లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు.

మధ్యాహ్నం ఆసుపత్రి పెరట్లో పెద్దింట్లమ్మ చేపల గంప దించింది. పల్లెలో వలలు బాగుచేసే మనిషి.

"డ్రెస్సరుగారండీ, మీ ఆసుపత్రికి దెబ్బలు తగిలినోళ్లు ఎవరూ రాలేదంటగా! పోలీసోళ్లకి అంత గురి లేదంటారా?"

"ఎంతమంది?" అన్నాడు చిట్టియ్య.

ఆమె వేళాకోళం అక్కడితో ఆగిపోయింది. "అయిదుగురండి. మా తమ్ముడు రాముడికి తొడలో గుండు ఉండిపోయింది. ఒళ్లు కాలిపోతంది."

పట్టకారు, కత్తి, సూది, పుండ్లు కడిగే కార్బాలిక్ సీసా గుడ్డలో చుట్టి, గంపలో చేపల కింద పెట్టించి, ఆమె వెనకే నడిచాడు.

రాముడు బోర్లించిన పడవ నీడన పడి ఉన్నాడు. గుండు దూరిన చిల్లు కూడా కోతలో కలిసిపోయేట్టు చిట్టియ్య నిలువుగా కోశాడు. రాముడు తాడు కరిచిపట్టుకున్నాడు. గుండు బయటికొచ్చింది. గాయం కడిగి, సూదికి దారం ఎక్కించి, చిట్టియ్య ఆగిపోయాడు.

"ఏంటండీ, చెయ్యి వణుకుతుందా?" అంది పెద్దింట్లమ్మ.

"వణికితే బాగుండును. నా ముడి గుర్తు హెడ్డు నుదుటి మీద ఉంది. రోజూ అద్దంలో చూసుకుంటాడు. ఇక్కడ చూశాడంటే మీవాడికి జైలు, నాకూ జైలు."

వంకరగా ఒక కుట్టు వేసి చూశాడు. చర్మం అంచులు కలవలేదు. చిరాకుపడి తెంపేశాడు. నేర్చిన పని చెడగొట్టడం అతని చేతికి చేతకాలేదు. అప్పుడు సూది పెద్దింట్లమ్మ చేతిలో పెట్టాడు.

"నువ్వు కుట్టు."

"వలలు కుట్టే చేత్తో మనిషినాండీ!"

"నీ ముడి జారదు కదా? బిగించకు, అంచులు దగ్గరకి చేర్చు, చాలు. కింది కొస మాత్రం వదిలెయ్, చీము కారాలి."

"అక్కా, కుట్టేసి వలనుకుని సంద్రంలో ఇసిరెయ్యకే," అన్నాడు రాముడు పళ్ల బిగువున.

చిట్టియ్య వేళ్లు ఊరుకోలేక రెండుసార్లు సూదివైపు వెళ్లాయి. ఆమె రెండుసార్లూ కొట్టింది. "మీ పనా, నా పనా?"

పొద్దు వాలేలోగా మిగతా నలుగురికీ అతను కోశాడు, ఆమె కుట్టింది.

నాలుగో రోజు పొద్దున్నే పల్లంరాజు ఆసుపత్రికి వచ్చాడు. "పల్లె సోదా. అక్కడ ఆసుపత్రి కుట్టేమైనా పడిందేమో వెతకమన్నారు. గాయాలు తెలిసినోడివి, నువ్వూ రా."

అయిదుగురినీ ఎండలో నిలబెట్టారు. హెడ్డు కట్లు విప్పించాడు. ఒక చేత్తో తన నుదురు తడుముకుంటూ ఒక్కొక్క ముడీ చూశాడు.

"ఇది నీ చెయ్యి కాదు."

"కాదండి." అది నిజమే.

"నేనేనండి కుట్టింది," అంది పెద్దింట్లమ్మ. "పడవ మేకు గీరుకుందండి."

"ఒక్కనాడే అయిదుగురికా?"

"ఆయ్. పెద్ద పడవండి."

వెనకాల బంట్రోతు నవ్వు ఆపుకున్నాడు. హెడ్డు నవ్వలేదు, రాముడి దగ్గరే నిలబడ్డాడు. అక్కడ గాయం కింది కొస ఎర్రగా ఉబ్బి ఉంది. చిట్టియ్య చూశాడు. చూసి ఊరుకుంటే సరిపోయేది. బొటనవేలు దానంతటదే వెళ్లి ఆ కొసనే నొక్కింది. వదిలిపెట్టిన సందులోంచి చీము కారింది. రాముడు ఊపిరి వదిలాడు.

సందు ఎక్కడుందో ముందే తెలిసిన వేలది. పల్లంరాజు ఆ వేలి వంక చాలాసేపు చూశాడు.

"రాసుకో," అన్నాడు చివరికి బంట్రోతుతో. "పడవ మేకు. నన్ను వెతకమన్నది ఆసుపత్రి కుట్టు. అది ఇక్కడ లేదు."

పడవల మధ్యనుంచి వెళుతూ చిట్టియ్య పక్కన నెమ్మదించాడు. "ఆ వేలు ఇంట్లో పెట్టి రావాల్సింది, చిట్టియ్యా. ఈసారి నాకు బదులు ఇనస్పెక్టరు వస్తాడు."

ఇనస్పెక్టరు ఏనాడు వస్తాడో చెప్పలేదు. మర్నాటి నుంచి, ఏది తన కుట్టో ఏది పల్లె కుట్టో ఎవరూ తేల్చలేకుండా, చిట్టియ్య ఆసుపత్రిలో కొడవలి కోతకైనా, ఎద్దు పొడిచిన గాయానికైనా వల ముడే వేశాడు. "చక్కటి ముడి మానేసి ఈ బెస్త పనేంటయ్యా?" అని డాక్టరు విసుక్కున్నాడు. చిట్టియ్య "జారదండి" అనేవాడు. గేటు దగ్గర బూట్ల చప్పుడైతే మాత్రం, పింఛను పుచ్చుకునే రోజుదాకా, అతని సూది సగంలో ఆగేది.